గోడ చెమ్మకు మందు వీధిలో ఉంది

వానాకాలం వెళ్లి చలి మొదలయ్యే రోజుల్లో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో గోడల ఫొటోలు మొదలవుతాయి. నడుం ఎత్తు దాకా నల్లబడ్డ గోడ, ఆ నలుపు ఆగిన చోట వంకరటింకరగా ఒక గీత, గీత పొడుగునా పొంగిన పెయింటు, కింద నేల మీద రాలిన తెల్లపొడి. ఫొటో కింద ప్రశ్న మాత్రం ఒకటే: "ఏ కంపెనీ పెయింటు వేయిస్తే ఆగుతుంది?" సమాధానాలు కూడా సిద్ధంగానే ఉంటాయి. ఒకరు డ్యాంప్‌ప్రూఫ్ ప్రైమర్ అంటారు, ఒకరు ఎపాక్సీ అంటారు, ఇంకొకరు మూడడుగుల ఎత్తు టైల్స్ అంటించేస్తే గొడవే ఉండదంటారు. ఈమధ్య పాలకొల్లు దగ్గర పల్లెలో ఉండే మా పిన్ని కొడుకు, గోడకు బెజ్జాలు వేసి రసాయనం ఎక్కించేవాళ్లను పిలిపించి, వాళ్లిచ్చిన కొటేషన్ నాకు పంపాడు. "అన్నయ్యా, పదేళ్లు గ్యారంటీ అంటున్నారు. కానిచ్చేయమంటావా?" అని అడిగాడు.

ఇళ్ల పనులు చేయిస్తూ బతికినవాణ్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. ఫోనులో రెండు ముక్కల్లో చెబితే ఎవరికీ నమ్మకం కుదరదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. నా అభిప్రాయం ఇది: మన పల్లెల్లో, చిన్న పట్నాల్లో చెమ్మెక్కుతున్న పాత ఇళ్లలో చాలావాటి గోడలకు కొత్తగా ఏ జబ్బూ రాలేదు. కట్టిన రోజున నేల పైన ఉన్న గోడ అడుగుభాగం, చుట్టూ మట్టం పెరిగి పెరిగి ఇప్పుడు నేలలో కూరుకుపోయింది. ఆ సంగతి వదిలేసి లోపలి నుంచి ఎన్ని పూతలు పూసినా డబ్బు దండగ. పైగా వాటిలో కొన్ని చెమ్మను ఇంకా పైకి ఎక్కిస్తాయి.

గీత అక్కడే ఎందుకు ఆగుతుంది

ఇటుకలోనూ, దాని మధ్య మాలులోనూ కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. వాటిగుండా నీరు తనంతట తానే పైకి పాకుతుంది. రంధ్రం ఎంత సన్నగా ఉంటే అంత ఎత్తుకు ఎక్కుతుంది. రంధ్రం వ్యాసార్ధం మిల్లీమీటరులో పదో వంతు ఉంటే నీరు దాదాపు 15 సెంటీమీటర్లు ఎక్కుతుంది. వందో వంతు ఉంటే మీటరున్నర. ఇటుకలో అంతకంటే సన్నటివి కూడా ఉంటాయి కాబట్టి, లెక్క ప్రకారం నీరు శ్లాబు దాకా వెళ్లాలి. అలా ఎప్పుడూ వెళ్లదు. దారి పొడుగునా గోడ రెండు ముఖాల నుంచీ ఆరిపోతూ ఉంటుంది. కింద నుంచి ఎక్కే నీరు, పక్కల నుంచి ఆరిపోయే నీరు సమానమైన చోట ఆ గీత ఏర్పడుతుంది. మామూలుగా అది మీటరు అటూఇటూ ఉంటుంది.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఆరే దారి మూసేస్తే గీత పైకి జరుగుతుంది. మా వీధిలోనే ఒక ఇంట్లో హాలు గోడలకు మూడడుగుల దాకా మంచి విట్రిఫైడ్ టైల్స్ అంటించారు. గృహప్రవేశానికి వచ్చినంత మంది వచ్చి చూసి మెచ్చుకున్నారు. రెండో వానాకాలానికి టైల్స్ పై అంచు మీద, అంతవరకూ పొడిగా ఉన్న చోట, కొత్త గీత వచ్చింది. అది స్విచ్ బోర్డు ఎత్తుకు చేరింది. తడి ఉన్న గోడలో కరెంటు వైర్లు ఉండటం అందం పాడవడం కన్నా పెద్ద విషయం. ఆ ఇంటాయన ఇప్పుడు ఆ బోర్డు దగ్గరకు పిల్లల్ని వెళ్లనివ్వడం లేదు.

సిమెంటు ఎక్కువ కలిపిన గట్టి ప్లాస్టరింగు, దాని మీద లప్పం, లప్పం మీద ప్లాస్టిక్ పెయింటు. ఇవన్నీ కలిసి చేసేది కూడా ఆ టైల్స్ చేసిన పనే, కాకపోతే కాస్త మెల్లగా. పెయింటు బుడగలు కట్టడం చూసి "నాసిరకం పెయింటు వేశాడు" అని పెయింటర్ని తిడతారు. చాలాసార్లు ఆ పెయింటులో లోపమేమీ ఉండదు. వెనక నుంచి నీరు తోసుకొస్తుంటే ఎంత ఖరీదైన డబ్బా అయినా చేసేదేమీ లేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. గోడ అడుగున కనిపించే తడంతా కింద నుంచి ఎక్కిందే కానక్కర్లేదు. బాత్‌రూమ్ పైపు కారుతూ ఉండొచ్చు. సైడు కాలువ గోడను ఆనుకుని పారుతూ ఉండొచ్చు. డాబా మీది నీటి గొట్టం గోడ మొదట్లో పడుతూ ఉండొచ్చు. ఎండాకాలం నడిమధ్యలో కూడా ఒకేచోట తడిగా ఉంటే ముందు పైపుల్ని అనుమానించాలి. గాలిలోని తేమ చల్లటి గోడ మీద చేరుతోందేమో తెలుసుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. గోడ మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితం పెట్టి నాలుగు అంచులా టేపు అంటించి కొన్నాళ్లు వదిలేయాలి. కాగితం వెనక నీటి చుక్కలు పడితే తడి గోడలోంచి వస్తున్నట్టు. గదివైపు పడితే గాలిలోంచి. కొటేషన్ ఇచ్చేవాళ్లలో ఇంతమాత్రం ఓపిగ్గా చూసినవాళ్లు నాకు అరుదుగా తగిలారు.

ఉప్పు సంగతి

పాలకొల్లు, భీమవరం, నరసాపురం వైపు మన గోడల్ని తినేది నీరొక్కటే కాదు. ఆ నీరు మోసుకొచ్చే ఉప్పు ఇంకా ఎక్కువ తింటుంది. చవిటి నేలలు, సముద్రం దగ్గర, దానికి తోడు ఊళ్ల చుట్టూ రొయ్యల చెరువులు. ఉప్పునీటి బోరుతోనే ఇటుక తడిపి, ఆ నీటితోనే మాలు కలిపి, దానితోనే క్యూరింగ్ చేసిన ఇళ్లు ఎన్నో. నీరు గోడ ముఖం మీద ఆరిపోతుంది. ఉప్పు ఆరదు, అక్కడే గడ్డకడుతుంది. రంధ్రాల్లో స్ఫటికాలు పెరిగి ఇటుకను లోపలి నుంచి నెడతాయి. పెచ్చులు ఊడటం, ఇటుక పొడిపొడిగా రాలడం దీనివల్లే.

దీనికి మన ఉపఖండంలో అందరికీ తెలిసిన ఉదాహరణ మొహెంజొదారో. దాదాపు నాలుగు వేల ఏళ్లు మట్టి కింద భద్రంగా ఉన్న కాల్చిన ఇటుక, 1922లో తవ్వకాలు మొదలై గాలి తగిలాక కరగడం మొదలుపెట్టింది. 1932లో సింధు నది మీద సుక్కూర్ బ్యారేజీ వచ్చింది. కాలువల సాగుతో భూగర్భ జలం పైకి వచ్చింది. ఆ నీటితో వచ్చిన లవణాలు గోడల అడుగుభాగాన్ని పొడి చేశాయి. 1974లో యునెస్కో అంతర్జాతీయ ప్రయత్నం మొదలుపెట్టి, చుట్టూ గొట్టపు బావులు వేసి నీటిమట్టం దించడానికి పూనుకుంది. గోడల మీద మట్టిపూత పూశారు. ఉప్పు అసలు ఇటుకలో కాకుండా ఆ పూతలో గడ్డకట్టాలని, పూత పాడైతే తీసి కొత్తది పూయాలని ఉద్దేశం. ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలువల నడుమ బతికే మనకు ఆ కథ దూరపుది కాదు.

ఆ మట్టిపూత గురించి చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ వాళ్లిల్లు గుర్తొచ్చింది. ఏటా సంక్రాంతికి గోడలకు వెల్ల వేసేవారు. గోడ అడుగున మూరెడు ఎత్తున ఎర్రమట్టి పూసేవారు. పండగ కళ కోసమే అనుకునేవాళ్లం. ఆ సున్నం, ఆ మట్టి గోడను ఆరనిచ్చేవి, ఉప్పును తమలోకి తీసుకుని తామే రాలిపోయేవి. మరుసటి ఏడు మళ్లీ కొత్త పూత. దాని వెనక శాస్త్రం ఎంత తెలిసి చేశారో చెప్పలేను గానీ, గోడలు మాత్రం నిలిచాయి. పదేళ్లు ముట్టుకోనక్కర్లేని పెయింటు వచ్చాక ఆ ఏటేటా పని ఆగింది.

ఉప్పుతో ఇంకో చిక్కుంది. కింద నుంచి నీరు ఎక్కడం పూర్తిగా ఆపేసినా, ఉప్పు పట్టిన గోడ వానాకాలంలో మళ్లీ తడుస్తుంది. వంటింట్లో ఉప్పు డబ్బా ముసురు పట్టినప్పుడు ఎలా చెమ్మగిల్లుతుందో ఇదీ అంతే. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుంటుంది. కోస్తాలో వానాకాలం రోజుల్లో తేమ ఆ హద్దు దాటడం మామూలే. అందుకే "అన్నీ చేయించాం, అయినా చెమ్మ పోలేదు" అనే మాట వినిపిస్తుంది. ఉప్పు తిన్న ప్లాస్టరు గోడ మీద ఉన్నంతకాలం అది పోదు. పురావస్తు శాఖవాళ్లు పాత రాతి కట్టడాల్లో ఉప్పు లాగడానికి తడి కాగితపు గుజ్జు పూసి, ఆరాక ఊడదీస్తారు. మామూలు ఇంటికి అంత అక్కర్లేదు. ఉప్పెక్కిన ప్లాస్టరు కొట్టేసి దూరంగా పారేస్తే చాలావరకు తీరుతుంది.

మా తమ్ముడింట్లో ఆ కంపెనీ కుర్రాడు తేమ కొలిచే మీటరు గోడకు గుచ్చి చూపించాడు. కీచుమని మోగింది, ఎర్ర లైటు వెలిగింది. మా పిన్నికి గుండె జారింది. పెరటి షెడ్డులో, అంతకుముందు వేసవిలో ఊడిన పెచ్చులు గోనెసంచిలో పోసి ఉన్నాయి. అందులో ఒక పెచ్చు తెచ్చి దానికీ గుచ్చి చూడమన్నాను. అదీ మోగింది. నేలతో సంబంధం లేకుండా నెలల తరబడి సంచిలో ఉన్న ముక్క అది. ఆ మీటరు కొలిచేది కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో మాత్రమే. ఉప్పుంటే కరెంటు బాగా పారుతుంది. కుర్రాడు మోసగాడేమీ కాదు, తనకు నేర్పింది చేస్తున్నాడు. కానీ ఆ ఎర్ర లైటు చూసి లక్షల పని ఒప్పుకునేవాళ్ల గురించి నాకు నిజంగా బాధేస్తుంది.

మూడు మెట్లు ఎక్కడికి పోయాయి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పునాది నుంచి గోడలోకి నీరు ఎక్కకుండా, బేస్‌మెంటు పైన ఒక అడ్డుపొర వేస్తారు. మేస్త్రీలందరూ దాన్ని డీపీసీ అంటారు. మామూలుగా 40 మిల్లీమీటర్ల మందం గట్టి కాంక్రీటు, ఆరాక దాని మీద వేడి తారు. బయటి నేలకు కనీసం 15 సెంటీమీటర్ల పైన ఉండాలన్నది పాత నియమం. జాతీయ భవన నియమావళి బేస్‌మెంటే చుట్టుపక్కల నేల కన్నా 45 సెంటీమీటర్లు ఎత్తుండాలంటుంది. ఇదంతా ఇల్లు కట్టిన రోజు మట్టానికి సంబంధించిన లెక్క. ఆ తర్వాత ఆ మట్టం కదలదని అందరం అనుకుంటాం.

మా పిన్ని ఆ ఇంటికి కాపురానికి వెళ్లిన కొత్తలో వీధిలోంచి మూడు మెట్లెక్కితే అరుగు. ఆ అరుగు మీద కూర్చుని కాళ్లు ఊపుకుంటూ బెల్లం జీళ్లు తినడం నాకు బాగా గుర్తు. ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి ఒక మెట్టు దిగాలి. ఇల్లు కుంగలేదు. మొదట మట్టి రోడ్డు, దాని మీద గ్రావెల్, దాని మీద తారు, తారు మీద సీసీ రోడ్డు, అది పగిలాక దాని మీదే ఇంకో సీసీ. పాతదాన్ని తీసినవాళ్లు లేరు. రోడ్డు పెరిగిందని పక్కవాళ్లు మెరక తోలించుకున్నారు, వాళ్ల నీళ్లు వీళ్ల పెరట్లోకి వచ్చాయని వీళ్లూ తోలించారు. డీపీసీ ఇప్పటికీ గోడలో ఉంది, బాగానే ఉంది. దాని పైన రెండు వరుసల ఇటుక దాకా రోడ్డు కాంక్రీటు ఆనుకుని ఉంది. అడ్డుపొరను దాటుకుని నీరు పక్క నుంచి గోడలోకి వెళుతోంది.

వెనిస్‌లోనూ జరిగింది ఇదే. అక్కడి పాత కట్టడాలకు నీటి అంచున, సముద్రానికి అవతలి తీరంలోని ఇస్ట్రియా నుంచి తెచ్చిన దట్టమైన రాయి వరుసలు పేర్చి, వాటి మీద ఇటుక గోడ లేపేవారు. ఆ రాయి నీరు పీల్చదు, అదే వాళ్ల డీపీసీ. కాలక్రమంలో నేల కుంగి, సముద్రమట్టం పెరిగి, నీరు ఆ రాయి దాటి ఇటుకను తాకింది. ఉప్పునీరు ఇటుకల్లోకి ఎక్కింది. 2019 నవంబరు 12న పోటు నీరు 187 సెంటీమీటర్లకు చేరినప్పుడు ఆ నష్టాన్ని ప్రపంచమంతా చూసింది. వాళ్లకు సముద్రం చేసినదాన్ని మనకు మన రోడ్లే చేస్తున్నాయి.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. మా ఊరి పెద్దాయన ఒకరు నాతో గట్టిగా వాదించారు. "గోదావరి పొంగినప్పుడు, కాలువ గండి పడినప్పుడు ఊళ్లో నడవగలిగేది ఆ ఎత్తు రోడ్డు మీదే బాబూ. గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్లేదీ దాని మీదే" అన్నారు. ఆయన మాట నిజం. డెల్టాలో ఊరి బయటి దారి ఎత్తుగా ఉండటం ప్రాణావసరం. నేనడిగేది ఇళ్ల మధ్య సందుల గురించి. అక్కడ రోడ్డు ఎత్తు పెరిగితే వరద రోడ్డు మీద నిలవదు గానీ ఇళ్లల్లో నిలుస్తుంది. పాత కాంక్రీటు పగలగొట్టడానికి ఖర్చవుతుందన్నది రెండో అభ్యంతరం. అవుతుంది. ఆ ఖర్చు పంచాయతీ పెట్టకపోతే వీధిలో ఉన్న ప్రతి ఇంటివాళ్లూ ప్లాస్టర్ల మీద, పెయింట్ల మీద, చివరికి ఇల్లు కొట్టి ఎత్తు లేపి కట్టుకోవడం మీద పెడుతున్నారు. స్తోమత లేనివాళ్లు ఆ తడి గదుల్లోనే పసిపిల్లలతో పడుకుంటున్నారు. 2021లో తమిళనాడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి, పాత రోడ్డు పొరను గీకి తీశాకే కొత్తది వేయాలని, ఇళ్ల కన్నా రోడ్డు ఎత్తు పెరగకూడదని ఇంజనీర్లకు స్పష్టంగా ఆదేశాలిచ్చారు. పొరుగు రాష్ట్రం మాట కాగితం మీదైనా పెట్టగలిగిందంటే మనకు అసాధ్యమేమీ కాదు.

మరి ఇప్పుడు ఏం చేయాలి

మా తమ్ముడికి చెప్పింది చెబుతాను. పెరటి వైపు, పక్క సందు వైపు గోడను ఆనుకుని పోసిన మట్టి, తర్వాత కట్టిన చిన్న అరుగు, పూలమొక్కల మడి, పార్కింగ్ టైల్స్ తీయించాలి. డీపీసీ కనబడేదాకా, దానికి జానెడు కిందిదాకా తవ్వి, ఆ సందులో కంకర పోసి, నీరు బయటికి పోయేలా వాలు ఇవ్వాలి. బయటి ప్లాస్టరు డీపీసీని కప్పేసి నేల దాకా దిగి ఉంటుంది. దాన్ని అడ్డుపొర పైనే ఆపేయాలి, లేకపోతే ఆ ప్లాస్టరే నీటికి నిచ్చెన. ఇంటి లోపలి ప్లాస్టరు గీతకు ఒక అడుగు పైదాకా కొట్టేయాలి. ఆ తర్వాత చేయాల్సిన పని అందరికీ కష్టమైనది: ఊరుకోవడం. తడి గోడ ఆరడానికి అంగుళం మందానికి నెల అని ఒక మోటు లెక్క ఉంది. తొమ్మిదంగుళాల గోడకు ముప్పాతిక ఏడాది. ఇటుకలు కనబడుతున్న హాల్లో చుట్టాలను కూర్చోబెట్టడం మా పిన్నికి ససేమిరా ఇష్టం లేదు. మరదలు నచ్చజెప్పింది.

ఆరాక సున్నం ప్లాస్టరు వేయించమన్నాను. ఇక్కడ నాకే అనుమానాలున్నాయి. సున్నం గానుగలు మా వైపు దాదాపు కనుమరుగయ్యాయి. ఆ పని చేతికి వచ్చిన మేస్త్రీలు ముసలివాళ్లయ్యారు. సున్నం మెల్లగా గట్టిపడుతుంది, ఆనుకుంటే బట్టలకు అంటుతుంది, మేకు దిగితే రాలుతుంది. అందుకని మధ్యేమార్గంగా సిమెంటు ఒక పాలు, సున్నం ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు కలిపిన మాలు చెప్పాను. మంచినీళ్లతో, నదీ ఇసుకతో కలపాలి. పైన లప్పం వద్దు, సున్నమే. కొన్నేళ్లకు ఉప్పు పట్టి రాలితే ఆ ముక్క వరకు మళ్లీ పూయాలి. పదేళ్ల గ్యారంటీ ఆశించేవాళ్లకు ఈ సలహా నచ్చదని తెలుసు. చవిటి నేల మీద ఉన్న ఇంటికి అంతకంటే నిజాయితీ గల మాట నా దగ్గర లేదు.

ఆ బెజ్జాల పనిని నేను పూర్తిగా కొట్టిపారేయను. వీధి వైపు గోడను తవ్వడానికి లేదు, రోడ్డు దాన్ని ఆనుకునే ఉంది. ఆ ఒక్క గోడకు, రోడ్డు మట్టానికి పైన, ఇటుకల మధ్య మాలు వరుసలో దాదాపు 12 సెంటీమీటర్లకొక బెజ్జం చొప్పున వేసి నీటిని వికర్షించే క్రీము ఎక్కిస్తే ప్రయోజనం ఉండొచ్చు. మామూలు ఇటుక గోడలో అది పనిచేస్తుంది. రాళ్లు, మట్టి కలిపి కట్టిన మందపాటి పాత గోడల్లో మందు సమంగా పాకదు. కానీ ఆ కొటేషన్‌లో ఇంట్లోని అన్ని గోడలూ, చివరికి ఎప్పుడూ చెమ్మెక్కని మధ్య గోడలు కూడా ఉన్నాయి. గ్యారంటీ కాగితంలో ప్లాస్టరుకు, పెయింటుకు వర్తించదని ఉంది. ఒక్క గోడకే చేసి, మిగతా డబ్బు తవ్వకానికి పెట్టమన్నాను.

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకు ఒక్క విన్నపం. "ప్లింత్ బీమ్ (గోడల కింద, బేస్‌మెంటు మట్టంలో పోసే కాంక్రీటు దూలం) ఉందిగా, డీపీసీ ఎందుకు" అనే మేస్త్రీ మాట వినొద్దు. కాంక్రీటు కూడా మెల్లగా నీరు పీలుస్తుంది, మీద తారు పూతో మందపాటి షీటో పడాల్సిందే. ఇంటి ఖర్చులో అది లెక్కలోకి రానంత చిన్న మొత్తం. లోపల ఫ్లోరింగు కింద నింపే మట్టి కూడా అడ్డుపొరకు పైన ఉండకుండా చూసుకోండి. వీధి ఇంకా పెరుగుతుందన్న భయంతో బేస్‌మెంటు ఐదడుగులు లేపుతున్నవాళ్లున్నారు. వాళ్లను తప్పు పట్టలేను. అయితే ముసలివాళ్లు అన్ని మెట్లు ఎక్కి దిగాలి.

మా తమ్ముడి వీధిలో మళ్లీ కొత్త సీసీ రోడ్డుకు అంచనాలు వేస్తున్నారు. ఇంజనీరు గారిని కలిసి పాతది తీయించమని అడిగితే, అంచనాలో దానికి పద్దు లేదన్నారు. ఆ పద్దు చేర్చాలని, పని మొదలుపెట్టే ముందు వీధిలో ప్రతి ఇంటి బేస్‌మెంటు మట్టం కొలిచి ఆ అంచనా కాగితానికి జతచేయాలని, కొత్త రోడ్డు ఇప్పుడున్న ఎత్తును దాటకూడదని వచ్చే గ్రామసభలో ఇవ్వడానికి అర్జీ రాశాం. వీధిలోవాళ్లు సంతకాలు పెడుతున్నారు. మీ ఊళ్లో కూడా రోడ్డు పని రాబోతుంటే, కాంక్రీటు పోయకముందే ఆ అంచనా అడిగి చూడండి. అర్జీ నకలు కావాలంటే పంపిస్తాను.